గడ్డి శవం పండుకున్న వరండా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కిరాయికి అడగడమంటే పెళ్లిచూపులకు కూర్చోవడమే. ఎక్కడివాళ్లు, ఏమిటోళ్లు, ఏం వండుకుంటారు, చుట్టాలు ఎక్కువ వస్తారా అని అడుగుతారు. గోడకు మేకు కొట్టొద్దంటారు, మోటారు ఊరికే వెయ్యొద్దంటారు. అన్నింటికీ తల ఊపి తాళంచెవి తీసుకుంటాం. అసలు షరతును మాత్రం ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఆ ఇంట్లో చావకూడదు. వేరేచోట చచ్చినా ఆ ఇంటికి రాకూడదు. ఆ సంగతి అవసరం పడ్డ రోజునే తెలుస్తుంది. మా అమ్మ ఇప్పుడు ఏ ఇల్లు చూడబోయినా ముందు ఇదే అడుగుతుంది. మాలో ఎవరన్నా పోతే లోపల పండబెట్టనిస్తారా అని. ఆ మాట వినగానే ఓనర్ల ముఖాలు మాడిపోతాయి, పొద్దున్నే ఇదేం అపశకునమని గేటు వేసుకుంటారు. అట్లా మేము చాలా ఇళ్లు పోగొట్టుకున్నాం. నాకేమీ బాధ లేదు.

మా నాయన బస్సు కండక్టరు. నల్లగొండ జిల్లాలో మా ఊళ్లో ఇల్లు కూలిపోయాక, నేను ఇంకా బడిలో ఉండగానే, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ మధ్య ఒక కాలనీలో దిగాం. కింద రెండు గదులు మావి, వాటి ముందు వరండా. పై అంతస్తులో ఓనరు కుటుంబం. ఆయనా మా జిల్లావాడే, నాయన కంటే వయసులో పెద్ద. అమ్మ ఆయనను అన్నా అనేది, ఆయన అమ్మను చెల్లె అనేవాడు. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి నాయనను గట్టిగా హత్తుకునేవాడు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఆయన మా గల్లీకి పెద్దమనిషి అయ్యాడు. మెడలో కండువా, నోట్లో ఎప్పుడూ ‘మనోళ్లు’ అనే మాట. మనోళ్ల నీళ్లు, మనోళ్ల కొలువులు, మనోళ్ల భూములు. నాయనకు ఆయన మాటంటే గురి. నేనూ డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఆయన వెనక నినాదాలు ఇచ్చినదాన్నే.

పక్కిల్లు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ లెక్కల మాస్టారిది. కోచింగ్ సెంటర్లో చెప్పేవాడు. ఊరేగింపు చప్పుడు వినబడితే వాళ్ల గేటుకు తాళం పడేది. ప్రహరీగోడకు ఇటు నిలబడి మా ఓనరు విడిపోవాలనేవాడు, అటు నిలబడి మాస్టారు కలిసుంటే తప్పేంటండీ అనేవాడు. ఆ గోడ మీద చెయ్యి పెట్టుకుని ఇద్దరూ ఎన్ని సాయంత్రాలు గడిపారో. కొట్టుకుంటారేమోనని మేం భయపడేవాళ్లం, కానీ కరెంటు పోతే ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

మాస్టారి తల్లి పోయినప్పుడు నేను మొదటిసారి వాళ్ల పద్ధతి చూశాను. డప్పు లేదు, శోకాలు లేవు. పంతులుగారు మెల్లగా మంత్రాలు చదువుతుంటే కొడుకు తడిబట్టలతో కూర్చున్నాడు. పొద్దు గుంకక ముందే అంతా అయిపోయింది. మా అమ్మ వాకిట్లో నిలబడి, ముసలామె నిజంగానే పోయిందా అని నన్నడిగింది. అమ్మకు చావంటే గల్లీ అదరాలి. చనిపోయినవాళ్ల మంచీ చెడూ రాగం తీసి చెప్పి ఏడవాలి. మా వెనక వీధిలో మా వైపు ముసలాయన ఒకాయన పోతే డప్పులతో, ఆటతో తీసుకుపోతుంటే మాస్టారి భార్య మేడ మీంచి తొంగి చూసి, పెళ్లా చావా అండీ ఇది అని అడిగింది. ఎవరి చావు వాళ్లకు ముద్దు. అప్పట్లో ఇవన్నీ నాకు నవ్వులాటగా ఉండేవి.

బస్సులన్నీ ఆగిపోయిన సమ్మె రోజుల్లో సర్కారుకు శవయాత్ర తీయాలని మా గల్లీలో అనుకున్నారు. అప్పుడు ఊరంతా ఇదే పని. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే గుండ్లు, దిష్టిబొమ్మలకు దినాలు. బొమ్మను ముందుగానే పోలీసులు ఎత్తుకుపోతారని ముందురోజు సాయంత్రం గుట్టుగా మా వరండాలో కట్టారు. గడ్డి తెప్పించింది ఓనరే. పాత ప్యాంటు, పాత చొక్కా తొడిగి, కుండకు సున్నం పూసి తల చేశారు. వెదురు పాడె కట్టి, దాని మీద పండబెట్టి, తెల్లబట్ట కప్పారు. తెల్లారేదాకా అది మా గడప ముందే పండుకుంది. అమ్మకు మనసొప్పలేదు. తలాపున దీపం పెట్టాలా అని నాయనను అడిగింది. నాయన నవ్వాడు. పాడె కట్టినంక అది శవమే, లోపల గడ్డి ఉంటే ఏంది, మనిషి ఉంటే ఏంది అన్నది అమ్మ. చివరికి దీపం పెట్టే పడుకుంది.

తెల్లారి పాడె లేపే ముందు పెద్ద చిక్కు వచ్చింది. శవం ముందు అగ్గి కుండ పట్టుకుని ఎవరు నడవాలి? సర్కారును తిట్టమంటే గొంతులు చించుకునే పిల్లలు, లాఠీ చూసినా కదలని పిల్లలు, ఆ మట్టికుండను చూసి ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. తండ్రి బతికుండగా కుండ పట్టకూడదు. ఉత్తుత్తి చావైనా సరే, ఆ మాట ఎవరూ దాటలేదు. ఓనరు గుంపు మొత్తాన్ని కలియజూసి, “అయ్య లేనోడు ఎవడన్న ఉన్నడా?” అని అరిచాడు. మా తాత పోయి చాలా ఏళ్లయింది. నాయన చెయ్యి ఎత్తాడు. కొలువులో ఎప్పుడూ ఏ పదవీ దక్కని మనిషి, ఆ రోజు అందరికంటే ముందు నడిచాడు. ఆ ముఖంలో వెలుగు నాకింకా గుర్తుంది.

మా వైపు పాడెను మోసుకుపోతూ నడి తోవలో ఒకచోట కిందికి దించుతారు. అయినవాళ్లు వంగి శవం చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఏమో, ఇంకా కొన ప్రాణం ఉండి లేస్తాడేమోనని. ఆ చోటును దింపుడు కల్లం అంటారు. జరగదని తెలిసీ పెట్టుకునే ఆశకు తెలుగులో ఆ పేరే ఉంది. ఆ రోజు కొత్తపేట దగ్గర మెయిన్ రోడ్డు మూల మీద బొమ్మను దించారు. ఓనరు వంగి కుండ తలకు చెవి ఎక్కడుందో వెతుక్కుని, “సర్కారూ, లేస్తవా? లేసి తెలంగాణ ఇస్తవా?” అని పిలిచాడు. మూడుసార్లూ జనం విరగబడి నవ్వారు. డప్పులు కొట్టేవాళ్లు కూడా కొట్టడం ఆపి నవ్వారు. తర్వాత చౌరస్తాలో దాన్ని తగలబెట్టారు.

నాయన ఇంటికి వచ్చేసరికి అమ్మ గేటు బయట బకెట్ నీళ్లతో నిలబడి ఉంది. చావుకు పోయివచ్చినవాడు తానం చెయ్యకుండా గడప తొక్కకూడదని పట్టుబట్టింది. నాయన సిగ్గుపడుతూనే చొక్కాతో సహా తడిశాడు. మేడ మీంచి ఓనరు చూసి పడీపడీ నవ్వి, అది ఉత్త గడ్డి చెల్లె, దానికి మైల ఏంది అన్నాడు. ఆయన మాత్రం తానం చెయ్యకుండానే లోపలికి పోయి భోజనానికి కూర్చున్నాడు.

సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్న రోజుల్లో నాయన డ్యూటీలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయారు. మరునాడు పొద్దున డాక్టరు బయటికి వచ్చి, నాయన పోయాడని చెప్పాడు. అమ్మ అక్కడ ఏడవలేదు. ఇంటికి ఎప్పుడు పంపిస్తరు అని మాత్రం అడిగింది. అడిగినమాటే అడుగుతూ ఉంది. ఆమె బాధ నాకు తెలుసు. గడప ముందు తానం పోసి, బొట్టు పెట్టి, ఇంటి నుంచి సాగనంపకపోతే పోయినవాడికి తోవ దొరకదని ఆమె నమ్మకం. వాకిలి దొరకక గల్లీల్లో తిరుగుతాడట. హయత్‌నగర్‌లో ఉండే చిన్నాయన, నాయన తమ్ముడు, ఊరికి తీసుకుపోదామా వదినా అని అడిగాడు. ఊర్ల ఏమున్నది, మొండిగోడలు, ఆయన ఇల్లు గిదే అన్నది అమ్మ.

వ్యాన్ గల్లీలోకి వచ్చేసరికి ఓనరు గేటు ముందు నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిజంగానే ఏడ్చినట్టున్నాడు. గేటుకు తాళం కూడా నిజంగానే వేశాడు. అమ్మ దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, చావు కబురు చల్లగా చెప్పాడు.

“చెల్లె, ఏమనుకోకు. పంతులును అడిగిన. ధనిష్ఠ నక్షత్రంల పోయిండట. ఇల్లు ఆరు నెలలు పాడువెట్టాలంటున్నడు. పైన మేము పిల్లలు గలోళ్లం.”

చెడ్డ నక్షత్రంలో చావు జరిగిన ఇంటిని కొన్ని నెలలు మూసిపెట్టడం మాలోనూ ఉంది, నేను కాదనను. కానీ నాయన పోయింది దవాఖానలో. దోషమంటూ ఉంటే ఆ దవాఖానకు తగలాలి. అది ఆ రోజు కూడా తలుపులు బార్లా తెరుచుకుని కొత్త పేషంట్లను చేర్చుకుంటూనే ఉంది. అమ్మ ఇవేమీ అనలేదు. లోపలికి వద్దు అన్నా, వరండాలో ఒక్క గంట పండబెట్టనియ్యి, గడప ముంగట తానం పోసి తీసుకుపోతం అని బతిమాలింది. వరండా కూడా ఇంట్లోదే కదా అన్నాడు ఆయన. నాకు ఒళ్లు మండిపోయింది. గడ్డిబొమ్మను పండబెట్టిన రోజు ఏ నక్షత్రం ఉండిందని అందరి ముందూ అడిగాను. ఆయనకు కోపం కూడా రాలేదు. చిన్నపిల్లకు లెక్క విప్పి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

“అది గడ్డి బిడ్డా. గిది మనిషి గద.”

మనిషి కాబట్టే చోటు లేదట.

చిన్నాయన మాస్టారి గేటు కొట్టాడు. వాళ్ల వాకిలి పెద్దది, కారు పెట్టుకునే జాగా ఖాళీగానే ఉంది. మాస్టారు మర్యాదగా బయటికి వచ్చాడు. అమ్మాయికి ముహూర్తం పెట్టుకున్నామని, ఇంట్లో పసుపు దంచారని, మీరు మరోలా అనుకోవద్దని చెప్పాడు. కుర్చీలు, మంచినీళ్ల క్యాన్లు పంపించాడు. రాష్ట్రం రెండు ముక్కలు కావాలా ఒకటే ఉండాలా అని ఏళ్ల తరబడి గోడ మీద కొట్లాడుకున్న ఆ ఇద్దరూ మా నాయన సంగతిలో మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ రోజు ప్రహరీగోడ అవతలా ఇవతలా సమైక్యంగానే ఉంది. నాయనను వ్యాన్లోంచి దించి నడి గల్లీలో బల్ల మీద పండబెట్టారు.

టెంటు వేశారు. దాని పక్కన మిగిలిన సందులోంచి బండ్లు హారన్ కొట్టుకుంటూ పోయాయి. కోచింగ్ పిల్లలు పుస్తకాలు ఛాతీకి ఆనించుకుని, ఒదిగి ఒదిగి, మా నాయన కాళ్లకు తగలకుండా నడిచారు. మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాగబెట్టాం. బతికి ఉన్న మేము లోపలికి పోయి నీళ్లు, పసుపు తెచ్చుకోవడానికి ఓనరు చిన్న గేటు తీసి పెట్టాడు. ఆడవాళ్లు చుట్టూ రెండు చీరలు అడ్డం పట్టుకుంటే వాటి నడుమ నాయనకు తానం పోశారు. గాలికి చీర లేచినప్పుడల్లా అమ్మ చేత్తో పట్టి కిందికి గుంజింది. నీళ్లు కారిపోయి ఓనరు గేటు కిందినుంచి వరండా వైపు పోయాయి. ఎవరో పైనుంచి వచ్చి వాటిని చీపురుతో బయటికి తోశారు.

నాయనతో చాలా ఏళ్లు ఒకే బస్సు మీద పనిచేసిన డ్రైవరు మూసారాంబాగ్ నుంచి వచ్చాడు. ముసల్మాను. టెంటు చూసి, ఇల్లు ఏది అని అడిగాడు. ఇదే అని తాళం చూపించాను. అతను చెప్పులు విడిచి నాయన కాళ్ల దగ్గర నిలబడ్డాడు. తర్వాత వాళ్ల తండ్రి పోయినప్పటి సంగతి చెప్పాడు. వాళ్లదీ ఇరుకు కిరాయి ఇల్లే. మస్జిద్ నుంచి శవాన్ని మోసే జనాజా పెట్టె తెచ్చారట, తానం పోసే ఏర్పాటూ అక్కడే ఉందట, నమాజుకు వచ్చినవాళ్లు ఎవరు పోయారని అడగకుండానే భుజం పట్టారట. చంపాపేట్‌లో నా క్లాస్‌మేట్ నాయనమ్మ పోయినప్పుడు ఆమెను చర్చిలో పెట్టి పాటలు పాడారు. పూల మధ్య ఆమె ముఖం చూసి అందరం వరసగా దండం పెట్టుకున్నాం. వాళ్లకు ఓనరుతో పనిలేని చోటు ఒకటి ఉంది. మాకూ గల్లీ చివర గుడి ఉంది. ఉద్యమం రోజుల్లో మీటింగులన్నీ ఆ గుడి మండపంలోనే. కానీ చుట్టుపక్కల శవం ఉందంటే ముందు తలుపు మూసేది మా గుడే. ఆ రోజు కూడా పొద్దున్నే మూశారు, పాడె లేచేదాకా తియ్యలేదు. వాళ్లలో బాధలు లేవని నేను అనడం లేదు, వాళ్లవి వాళ్లకు ఉంటాయి. ఆ పూట మాత్రం నాకు ఈర్ష్య కలిగింది, దాచుకోను.

మా ఊళ్లో అయితే మావాళ్లను బొంద తీసి పూడుస్తారు. ఇక్కడ బొందకు జాగా లేదు, కట్టెల మీద పెట్టాల్సిందే అన్నారు. దానికీ అమ్మ సరేనన్నది. చిన్నాయన కుండ పట్టాడు. పాడె లేపుతుంటే ఓనరు తువ్వాల భుజాన వేసుకుని వచ్చాడు. ఇక్కడ ఆయన కొరత చెయ్యలేదు. ముందు వైపు భుజం పట్టాడు, డప్పుల వాళ్లకు ఎక్కడ కొట్టాలో చెప్పాడు, ట్రాఫిక్ ఆపాడు. వెనక నుంచి చూసిన ఎవరైనా సొంత అన్నే అనుకుంటారు. ఇంటి గేటు ముందు నుంచి పోతున్నప్పుడు అమ్మ ఒక్క క్షణం నిలబడి తాళం వైపు చూసింది. వెనక ఆడవాళ్లు ఆమెను ముందుకు నడిపించారు.

మెయిన్ రోడ్డు దగ్గరికి వచ్చాక చిన్నాయన ఆగి, ఎక్కడ దించాలని అడిగాడు. ఆయనకు ఈ దారులు తెలియవు. ఓనరుకు తెలుసు. గా మూల మీద, మొన్న దించిన కాడనే దించుర్రి అన్నాడు. గడ్డిబొమ్మను దించిన చోటే నాయనను దించారు. డప్పులు ఆగాయి. బస్సులు వరసగా నిలబడ్డాయి. ఒక బస్సులోంచి కండక్టరు దిగి, ఎవరో తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చెవిలో పిలవాలి. చిన్నాయన చేతిలో అగ్గి కుండ ఉంది, దాన్ని పట్టుకుని వంగలేడు. ఎవరు పిలుస్తారా అని అందరూ చూస్తుంటే, అలవాటైన మనిషి కదా, ఓనరు ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాయన చెవి దగ్గరికి వంగాడు.

అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పొద్దుటి నుంచి ఆమె గొంతు పెంచి ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడూ పెంచలేదు.

“పిలవకు అన్నా. నువ్వు పిలిస్తే లేస్తడు. నీ మాటంటే ఆయనకు గురి. లేస్తే యాడికి తోల్కపోవాలె?”

ఓనరు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా లేచి, మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకుని పక్కకు జరిగాడు. చిన్నాయన అమ్మ ముఖం చూశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. మా నాయనను ఎవరూ పిలవలేదు. వెనక బస్సు హారన్ కొట్టింది, పాడె ఎత్తారు.